అలిగేవాళ్లు, బతిమాలేవాళ్లు

ఈ వారం ఒక పత్రికలో 'టికెట్ దక్కక సీనియర్ నేత అలక' అన్న శీర్షిక చూసి ఒళ్లు మండింది. అరవై దాటిన మనిషి, వెనక అనుచరులు, జేబులో రాజీనామా లేఖ. దానికి అలకా? శీర్షికలు రాసేవాళ్లు మాటల్ని పాడుచేస్తున్నారన్న నా పాత గోడు మీకు తెలిసిందే. మళ్లీ వినండి.

అలుగు అనే అచ్చతెలుగు క్రియ నుంచి వచ్చింది అలుక. వాడుకలో నలిగి అలక అయింది. అర్థం కోపమే, మూతిముడుపు కాదు. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యం గుర్తుందిగా? ధర్మరాజుకు కోపమొస్తే సముద్రాలు ఏకమవుతాయని కృష్ణుడు సభలో హెచ్చరించేది. అది ఎత్తుకోవడమే ఈ క్రియతో. హార్మోనియం శ్రుతి అందుకోగానే పందిట్లో గుసగుసలు ఆగిపోయేవి. రాగం ముగిసీ ముగియగానే 'వన్స్ మోర్'.

అంతటి మాట పెళ్లిమంచం ఎక్కింది. మా చినమామయ్య అలకపాన్పు ఇంకా కళ్లముందే ఉంది. గోడవైపు తిరిగి, బుగ్గన కిళ్లీతో కూర్చున్నాడు. 'లేవండి బావగారూ, ఏం కావాలో సెలవివ్వండి' అని బావమరిది ప్రాధేయపడుతున్నాడు. మామయ్యకు నవ్వు ఆగడం లేదు. వెనకనుంచి గిల్లింది మా అమ్మే: 'ఇంకాస్సేపు ఉండరా!' హెచ్ఎంటీ వాచీ మణికట్టుకు ఎక్కాకే లేచాడు.

ఆయనకు ఎవరిమీదా కోపం లేదు. అలగడానికి కోపం అక్కర్లేదు, బతిమాలేవాళ్లుంటే చాలు. పారిజాతం రుక్మిణికి దక్కిందని అలిగిన నంది తిమ్మన సత్యభామకు నిజంగానే కోపమొచ్చింది, సరే. కానీ కాళ్లమీద పడి తన్నులు తినడానికి కృష్ణుడున్నాడన్న ధీమా కూడా ఉంది. కోపమైతే దారినపోయేవాడి మీదా వస్తుంది. అలక మాత్రం చనువో, పెత్తనమో ఉన్నచోటే చెల్లుతుంది. ఆ లెక్కన ఆ శీర్షిక రాసినాయనే సరి. నేతగారింటికి ఆ సాయంత్రమే బుజ్జగింపులకు పెద్దలు బయల్దేరారట.

ఆ వాచీకి అత్తయ్యవాళ్ల నాన్న వీధిచివర షావుకారు దగ్గర చేబదులు తెచ్చారని చాలా ఏళ్లకు తెలిసింది. ఆయనకూ ఆ రోజు కడుపు మండే ఉంటుంది. విడిదింట్లో అందరికీ కాఫీలు అందాయో లేదో చూసుకుంటూ తిరిగారు. ఆయన అలగడానికి మంచం ఎవరు వేస్తారు?