గింజతో పాటు చిరునామా

దసరా వెళ్లి కార్తీకం దగ్గరపడుతుంటే ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపల మీదా, పాడుబడ్డ ప్రహరీల మీదా నీలం పూలు విరబూస్తాయి. గరాటు ఆకారం, లోపల తెల్లటి గొంతు. తెల్లవారకముందే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి గులాబీ రంగుకు తిరిగి ముడుచుకుపోతాయి. పొద్దెక్కి లేచేవాళ్ల కంట ఈ పువ్వు పడదు. మన పాత మందుల పుస్తకాల్లో దీని పేరు కొల్లి, కొన్నిచోట్ల జిరికి. వృక్షశాస్త్రంలో ఐపోమియా నిల్. చిలగడదుంపకూ తూటికూరకూ దగ్గరి చుట్టం. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం అంటారు కానీ, మన చేలగట్ల మీద ఎవరూ నాటకుండానే మొలిచి పెరుగుతోంది.

ఈ గింజలు ఏరడం, ఎండబెట్టడం, అడిగినవాళ్లకు ఇవ్వడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. అందులో గింజ ఇవ్వడం తేలిక. అది ఏ తీగదో నిర్ధారించుకుని, ఆ సంగతి కూడా రాసి ఇవ్వడమే అసలు పని.

ఎందుకంటే, "నీలంపూల తీగ గింజలు ఉన్నాయా?" అని అడిగేవాళ్లలో చాలామంది మనసులో ఉండేది శంఖుపుష్పం. ఈమధ్య నీలం టీ కాచుకుంటున్నది ఆ పువ్వుతోనే. అది చిక్కుడు కుటుంబానిది, దాని కాయ బద్దలాగే పొడుగ్గా, పలచగా ఉంటుంది. కొల్లి గింజ సంగతి వేరు, అది గట్టి విరేచనకారి. దేశవాళీ వైద్యులు కృష్ణబీజం పేరుతో మోతాదు చూసి వాడేవారు. ఓసారి గట్టు మీద కాయలు కోస్తుంటే, మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దావిడ ఆగి, "అవెందుకమ్మా నీకు? నోట్లో ఏసుకున్నావంటే రోజంతా చెంబు పట్టుకునే తిరగాల" అంది. ఆవిడ ఒక్క మాటలో చెప్పింది విత్తనాల కవరు మీద రాయకపోతే చిన్నపిల్లలున్న ఇంటికి మనం ప్రమాదాన్ని పంపినట్టే.

మరి గుర్తుపట్టడం ఎలా? పువ్వును ఎదుటి నుంచి చూసి తేల్చకూడదు. నీలం పూల ఐపోమియాలు చాలానే ఉన్నాయి, ముందునుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పువ్వును వెనక్కి తిప్పండి. కొల్లికి అడుగున ఉండే రక్షక పత్రాలు సన్నగా, తోకల్లా పొడుగ్గా సాగి, మొదట్లో బిరుసైన నూగుతో ఉంటాయి. ఆకు సాధారణంగా మూడు తమ్మెలుగా చీలి ఉంటుంది. రక్షక పత్రాలు పొట్టిగా, ఆకు హృదయాకారంలో ఉంటే అది ఐపోమియా పర్పూరియా కావచ్చు. రక్షక పత్రాలు నూగు లేకుండా నున్నగా ఉంటే, దుకాణాల్లో 'హెవెన్లీ బ్లూ' అని అమ్మే ట్రైకలర్ రకం అనుకోవచ్చు. ఆకు చేతివేళ్లలా ఐదుగా చీలి ఉంటే అది రైలు పట్టాల పక్కన కంచెలకు అల్లుకునే రైల్వే క్రీపర్. దీని పువ్వు నీలం కాదు, ఊదా రంగు. ఆకు ఒక్కటే నమ్ముకోవడం మంచిది కాదు. ఒకే తీగ మీద చీలిన ఆకులూ, చీలనివీ రెండూ ఉండొచ్చు. నా లెక్కలో రక్షక పత్రాలదే చివరి మాట.

మొగ్గ ఊదారంగులో ఉండి విచ్చుకున్నాక నీలంగా ఎందుకు మారుతుందన్న ప్రశ్నకు జపాన్ శాస్త్రవేత్తలు జవాబు చెప్పారు. 1995లో హెవెన్లీ బ్లూ పువ్వు కణాల్లోని రసాన్ని కొలిస్తే, మొగ్గలో 6.6 ఉన్న పీహెచ్ పువ్వు విచ్చేసరికి 7.7కు పెరిగింది. వర్ణకం అదే, క్షారగుణం పెరగడంతో రంగు మారింది. కొల్లిలో ఆ పని చేసే జన్యువును 2000లో పట్టుకున్నారు. అది చెడిపోయిన మొక్కల్లో పూలు ఊదాగానే ఉండిపోతాయి. అందుకే రంగును బట్టి జాతిని నిర్ణయించడం నాకు ఒప్పుదల కాదు.

కాయ విషయానికొస్తే, గుండ్రంగా చిన్నగా, లోపల మూడు అరలతో ఉంటుంది. అరకు రెండు చొప్పున ఆరు గింజలు. గింజ నల్లగా, నారింజ తొనలా ఒక పక్క గుండ్రంగా, మిగతా రెండు పక్కలా చదునుగా ఉంటుంది. కాయ గడ్డిరంగుకు తిరిగి, వేలితో తాకితే గలగలమన్నప్పుడు కోయాలి. పచ్చికాయ కోస్తే గింజ ముడతలు పడిపోతుంది. ఆలస్యం చేస్తే కాయ పగిలి గింజలు గట్టు మీదే రాలిపోతాయి. సన్నటి గుండ్రటి చిల్లు కనిపించిన గింజను పారేయాలి, పుచ్చుపురుగు లోపల తినేసి ఉంటుంది. నీడన ఆరబెట్టి కాగితం కవర్లోనే ఉంచాలి, ప్లాస్టిక్ సంచిలో తేమ నిలిచిపోతుంది. సగం కాయలు తీగకే వదిలిరావడం నేను పాటించే నియమం.

కొల్లి ఎక్కువగా స్వపరాగ సంపర్కం చేసుకుంటుంది. కాబట్టి తల్లి తీగ ఎలా ఉందో పిల్ల తీగా దాదాపు అలాగే ఉంటుంది. పంచుకునేవాళ్లకు ఇది పెద్ద వరం. తల్లి తీగ ఎక్కడ, ఎలా ఉందో రాసి ఇస్తే, మూడో చేతికి వెళ్లాక కూడా ఆ మాట చెల్లుతుంది.

ఈ పని ఎంతదూరం వెళ్లగలదో చూడాలంటే జపాన్ చూడాలి. నారా కాలంలో ఈ గింజ చైనా నుంచి అక్కడికి మందుగానే వెళ్లింది. అక్కడివాళ్లు దాన్ని అసగావో అంటారు. 19వ శతాబ్దం తొలి సగంలో, ఎడో (నేటి టోక్యో) నగరంలో, చీలికల పూలు, మెలితిరిగిన ఆకులు, ముద్దపూలు ఉన్న వింత రకాల మీద జనానికి మోజు పుట్టింది. వాటిలో మరీ అందమైనవి గొడ్డుమొక్కలు, గింజ కట్టవు. అయినా వంశం నిలిచింది. మామూలుగా కనిపించే తోబుట్టువు మొక్కల్లో ఆ గుణం దాగి ఉంటుందని గ్రహించి, ఆ తోబుట్టువుల గింజలను దాచారు. మొలకెత్తగానే బీజదళాల ఆకారం చూసి ఏది వింత మొక్క అవుతుందో ఏరేవారు. వంశవృక్షం రాసి పెట్టుకోకుండా జరిగే పని కాదది. అలా దక్కిన రకాల్లో ఎన్నో నేడు క్యూషు విశ్వవిద్యాలయం విత్తన నిధిలో ఉన్నాయి. 2016లో కొల్లి పూర్తి జన్యుక్రమం కూడా వెలువడింది. టోక్యోలోని ఇరియాలో ఏటా జులై 6 నుంచి 8 వరకు అసగావో సంత జరుగుతుంది.

అడిగిన ప్రతిదీ ఇవ్వను. నర్సరీల్లో కొమ్మ ముక్కలతో పెంచే నీలం తీగ ఒకటుంది, ఐపోమియా ఇండికా. అది గింజ కట్టడం అరుదు, ఏళ్ల తరబడి బతుకుతుంది, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో చెట్లను కప్పేసే కలుపుగా మారింది. దాని కొమ్మ ఎవరికీ ఇవ్వను. కంచెకు బాగుంటుందని నాటుకున్న లొట్టపీసు మన చెరువుల్నీ కాలువల్నీ ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. అదీ ఈ కుటుంబానిదే. కొల్లి కూడా పత్తి, మొక్కజొన్న చేలల్లో కలుపే, కాబట్టి పొలం పక్కన ఉండేవాళ్లు అడిగితే కుండీలో పెంచి, కాయలు రాలకముందే కోసుకోమని చెబుతాను. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఉత్తరంలో పెట్టి పంపమంటే ఒప్పుకోను. చాలా దేశాలు విత్తనానికి తెగుళ్లూ పురుగులూ లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అడుగుతాయి, ఆ నిబంధన వెనుక న్యాయం ఉంది.

నాటేవాళ్లకు రెండు మాటలు. గింజ పెంకు గట్టిది. గుండ్రటి వీపు మీద గోళ్ల కత్తెరతో చిన్న గాటు పెట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. ఉబ్బినదాన్ని తొలకరిలో నాటండి. రెండోది, ఇది రాత్రి పొడవును బట్టి మొగ్గ తొడిగే మొక్క. జపాన్‌లో 'వయొలెట్' అనే రకం మొలకకు ఒకే ఒక్క దీర్ఘమైన చీకటి రాత్రి చాలు, పూతకు సిద్ధమవుతుంది. మధ్యలో కాసేపు వెలుగు పడితే ఆ లెక్క తప్పుతుంది. అందుకని రాత్రంతా వెలిగే వీధిదీపం కింద నాటొద్దు.

కార్తీకం, మార్గశిరం కాయలు ఎండే రోజులు. మీ ఊరి గట్టు మీద ఈ తీగ ఉంటే పొద్దున్నే వెళ్లి, పువ్వును వెనక్కి తిప్పి, రక్షక పత్రాలు చూసి రండి. గింజలు ఎవరికైనా ఇచ్చేటప్పుడు కవరు మీద తీగ పేరు, దొరికిన ఊరు, కోసిన నెల రాయండి. వాటి కింద 'తినకూడదు' అన్న మాట పెద్ద అక్షరాలతో రాయండి.