పాఠం నిలిచి, కర్త మరుగై: భాగవత సంకలనంలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ టెంప్లేట్ల పాత్ర

జనగామ జిల్లా బమ్మెరతో ముడిపడిన ‘పోతన భాగవతం’ ఒక్క కవి రచన కాదు. సాహిత్య చరిత్ర ప్రకారం పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠాన్ని సింగన, ఏకాదశ ద్వాదశాలను నారయ రచించారు. స్కంధానికొక ఎక్స్‌ఎంఎల్ ఫైలు సిద్ధపరచి, కర్త పేరును యాట్రిబ్యూట్‌గా చేర్చామనుకుందాం.

1999లో ప్రమాణంగా వెలువడిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలోని ‘డాక్యుమెంట్’ ఫంక్షన్ ఈ ఫైళ్లను ఒక్కచోట చేర్చగలదు. అయితే సంపాదకుడు టెంప్లేట్ రాయని చోట అంతర్నిర్మిత నియమాలు పనిచేస్తాయి. అవి పాఠాన్ని మాత్రమే బయటికి పంపి, ట్యాగులనూ యాట్రిబ్యూట్లనూ విడిచిపెడతాయి. పద్యంలో ఒక్క అక్షరమూ పోదు. కవి పేరు పోతుంది. ఫలితం సమగ్రంగానే కనిపిస్తుంది కనుక లోపం పాఠకుని దృష్టికి రాదు. లోకవ్యవహారం చేసిందీ ఇదే: పాఠం నిలిచింది, ముగ్గురి పేర్లు మరుగునపడ్డాయి.

దీనికి విరుగుడు ఐడెంటిటీ టెంప్లేట్. అది ప్రతి నోడ్‌నూ, యాట్రిబ్యూట్‌నూ యథాతథంగా నకలు చేస్తుంది. మార్పు అవసరమైన చోటికి మాత్రమే ప్రత్యేక టెంప్లేట్ రాయాలి. కాబట్టి టెంప్లేట్ రచన కేవలం సాంకేతిక కార్యం కాదు, గ్రంథ పరిష్కరణలో భాగం. డిజిటల్ ప్రతిని వెలువరించేవారు పీఠికతోపాటు టెంప్లేట్లనూ ప్రకటించాలి. అప్పుడే ఏది నిలిపారో, ఏది విడిచారో పరిశోధకులు పరీక్షించగలరు.