జాలాడి పక్కన మెట్టతామర

మెట్టతామర నిలువెత్తు పెరిగే దుంపజాతి పూలమొక్క. పుట్టిల్లు అమెరికా ఖండాల వెచ్చని ప్రాంతాలు. నీటికి కటకటలాడే రాయచోటి వంటి ఊళ్లలో దీనికి తగిన చోటు జాలాడి, అంటే ఇంట్లో అంట్లు తోమి కాళ్లూచేతులూ కడిగే చోటు, నీళ్లు పారే వైపు. వాడిన నీళ్లతోనే బతికేస్తుంది. తొలకరి పడ్డాక, ఒకటి రెండు కళ్లున్న దుంపముక్కను పశువుల ఎరువు కలిపిన మట్టిలో బెత్తెడు లోతున, కన్ను పైకి ఉండేలా నాటాలి. చుట్టలా చుట్టుకొని వచ్చిన ఆకు వెడల్పుగా విప్పారుతుంది. ఎరుపు, పసుపు పూలు కాడ కొసన విచ్చుకుంటాయి.

అసలు నేర్పు పూత తర్వాతే. పూసి ఉడిగిన కాడ మళ్లీ పూయదు. దాన్ని మొదలంటా కోస్తే పక్కపిలకలు బలంగా లేస్తాయి. నల్లని గింజ మహా గట్టిది, గరుకురాయి మీద అరగదీసి నానబెడితే త్వరగా మొలుస్తుంది. గుబురు ఇరుకైతే తవ్వి, మిగిలిన దుంపలు ఇరుగుపొరుగుకు పంచండి.