లంఖణమునకును మోతాదు కలదు

గుంటూరు మొదలు చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వఱకు వ్యాపించిన నల్లరేగడి సీమలో, కల్లములందు మిరపకాయలెండుచు, ఇంటింట పండుమిరప పచ్చడికి వెల్లుల్లి తాలింపు పడుచుండు దినములలో, నాలుగు కిలోల బరువైనను తూగని మా కుక్క చిట్టి ఎవరి విస్తరిలోనో మూతిపెట్టి వచ్చుటయు, రాత్రికి వాంతియు విరేచనమును పట్టుకొనుటయు ఏటేట జరుగు తంతే. చిలుకకు కారము సోకదు గనుక మిరపకాయను సుఖముగా కొఱికి తినును. కుక్కకు మాత్రము, మనకువలెనే, నోటినుండి ప్రేగులవఱకు మంట తప్పదు.

అట్టివేళ మా అమ్మ తీర్పు ఒక్కటే: “లంఖణం పరమౌషధం.” ఎదిగిన కుక్కకు ఒకపూట ఆహారము మానిపించినచో, రేగిన కడుపునకు విశ్రాంతి చిక్కుననుట నిజమే. కాని అల్పశరీరమున చక్కెర నిల్వలును అల్పమే; కూనను దీర్ఘకాలము పస్తుంచినచో నీరసించి, వణకి, పడిపోవచ్చును. నీటినైతే ఎన్నడును ఆపరాదు. ఒక్కసారిగా త్రాగిన నీరు మరల వాంతియగును గనుక చెంచాడు చెంచాడుగా పట్టవలెను. వాంతి నిలిచిన పిమ్మట, మెత్తగా ఉడికిన అన్నము రెండుపాళ్లు, చర్మమును ఎముకలును తీసి ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసము ఒకపాలు కలిపి, దినమునకు నాలుగైదుమార్లు కొద్దికొద్దిగా పెట్టి, రెండుమూడు దినములలో పాత తిండికి మెల్లగా మరల్చవలెను.

ఈ విద్యలో కష్టమైన భాగము పెట్టుట కాదు, పెట్టకుండుట. జాలిపడి పోసిన పాలు విరేచనమును పెంచవచ్చును. ఉల్లి, వెల్లుల్లి రక్తకణములను చెఱచును, ఆ చేటు కొన్నాళ్లకుగాని బయటపడకపోవచ్చును. మన జ్వరమునకు వాడు పారాసిటమాల్ బిళ్ల దాని ప్రాణము మీదికే తేవచ్చును.

ఇదంతయు స్వల్పమైన అజీర్తికే. పత్తిచేలలో పురుగుమందు కొట్టు ఈ సీమలో, చొంగ ధారగా కారి, కనుపాపలు సూదిమొనలంతై, కండరములు అదరినచో అది అజీర్తి కాదు, విషము. గేదెలకు నానబెట్టిన పత్తిచెక్కకు మరగిన కుక్కకు అందలి గాసిపాల్ అను విషపదార్థము గుండెను దెబ్బతీయును. టీకాలు పడని కూనకు నెత్తుటి విరేచనమైనచో, 1978లో లోకమెఱిగిన పార్వో వైరస్‌ను శంకింపవలెను. చిగుళ్లు పాలిపోయినను, మెడపై చర్మమును చిటికెతో లేపి విడిచిన వెంటనే సర్దుకొనకున్నను, వాంతులు దినము దాటినను, క్షణమాలస్యము చేయక పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను.

ఆయన ముందుగా అడుగునది ఏమి తిన్నది, ఎప్పుడు తిన్నది, ఎన్నిమార్లు కక్కినది అనియే. నోరులేని రోగి పక్షమున ఆ సాక్ష్యము చెప్పవలసినవారము మనమే గనుక, మందు వెదకుటకు ముందు గోడమీది క్యాలెండరుపై వేళలు వ్రాసియుంచుట మేలు.