వినోదయాత్రయు యాత్రారచనయు

ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించునప్పటికి చెట్లతోపాటు మన పత్రికలలో యాత్రావ్యాసములును చిగుర్చును. పిల్లల పరీక్షలు ముగియును, ఉద్యోగస్థులకు నాలుగుదినముల సెలవు దొరకును, కుటుంబములు బయలుదేరును. తిరిగివచ్చినవారిలో కలము పట్టగలవారు తాము చూచిన కొండను, కోటను, తిన్న పిండివంటను వర్ణించి పత్రికలకు పంపుదురు. ఒకరు గండికోటకు పోయివత్తురు. వేరొకరు విమానమెక్కి కొరియాదేశమునకు బోయి, అచటి చెర్రీపూలను చూచి, ఊరవేసిన క్యాబేజీని రుచిచూచి వత్తురు. స్థలములు వేరైనను వ్యాసములు మాత్రము ఒకే మూసలో పోసినట్లుండును: చూడదగినవి ఇవి, తినదగినవి ఇవి, మిగుల నానందించితిమి.

ఆనందమును మేము తప్పుపట్టము. ఏడాదిపొడుగున గానుగెద్దువలె తిరిగిన గృహస్థునకు వారము దినముల తీరిక దొరకుట మేలే. దేవుని పేరు చెప్పకుండ కొండను కొండకొరకే చూడబోవుటయు తప్పుగాదు. మా ప్రశ్న సాహిత్యమునకు సంబంధించినది. యాత్రారచన ఎప్పుడు సాహిత్యమగును? ఎప్పుడు పూటకూళ్ళయింటి ప్రకటనపత్రమగును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనకు దగ్గరలోనే ఒక పాతగ్రంథము కలదు. దానిని ఒకచేతను, నేటి వ్యాసములను ఒకచేతను పట్టుకొని కడప కర్నూలు సీమలలో నాలుగడుగులు నడచినచో విషయము తేటపడును.

ఆ గ్రంథము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండినవారు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, కాశిని సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. దారిలో తాము కనినదానిని విన్నదానిని తమ మిత్రులగు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళగారికి వ్రాయుచు వచ్చిరి. వీరాస్వామయ్యగారి నిర్యాణానంతరము 1838లో ఆ మిత్రుడే దానిని అచ్చొత్తించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించి తెలుగువారికి గొప్ప మేలు చేసిరి.

తిరుపతి దాటినపిమ్మట ఆయన దారి కడపమీదుగా అహోబిలమునకును, అచటినుండి నల్లమల యడవులలోని శ్రీశైలమునకును సాగి, కృష్ణ దాటి హైదరాబాదు చేరినది. ఆనాటికి ఈ ప్రాంతమునకు రాయలసీమయను పేరు వాడుకలో లేదు. ఆ పేరు 1928లో నంద్యాలసభలో వెలువడినది. 1800లో నిజాము కుంపిణీకి వదలుకొన్న సీమ గనుక దీనిని దత్తమండలములనెడివారు. కందనవోలు మాత్రము 1839 వరకు నవాబు పాలనలోనే యుండెను. ఆయన ప్రయాణము ఎండాకాలపు చివర, తొలకరికి ముందు జరిగినది. ఈ సీమను చూచుటకు అంతకంటె కఠినమైన ఋతువు లేదు.

ఆ గ్రంథమున మమ్మాకర్షించునది వర్ణనాచాతుర్యము గాదు. మజిలీ మజిలీకిని ఆయన చూపు మొదట నీటిమీద బడును. బావియా, యేరా, చెరువా? తరువాత అంగళ్ళు: ఏయే సరకులు దొరకును, ఏవి దొరకవు? పిమ్మట బాటసారి దిగుటకు స్థలమున్నదా, దారి రాతిదా, రేగడిదా? దేవుని దర్శించినపుడు సైతము ఆయన కన్నులు మూసికొనలేదు. శ్రీశైలమున యాత్రికులయొద్ద నవాబు పక్షమున సొమ్ము రాబట్టుటయు, ఆ సొమ్మునకు తగిన సంరక్షణము ఆలయమునకు లేకుండుటయు చూచి, భక్తిచేత ఆ మాటను కప్పిపుచ్చక వ్రాసిరి. భక్తుడును లెక్కలెరిగిన లోకజ్ఞుడును ఒకే దేహమున నుండుట ఈ గ్రంథమునకు బలమైనది. ఆయన పిమ్మట ఆ దారిని బోవువానికి నీళ్ళు, బియ్యము, రాత్రి తలదాచుకొనుటకు చోటు దొరకవలెనని ఆయన చింత. యాత్రారచన పరోపకారమను భావన దానియందు స్పష్టముగ నున్నది.

అట్లని ఆ గ్రంథమునకు లోపము లేదని మేము చెప్పము. ఆ దారి యంతయు మనకు పల్లకిలోనుండియే కనబడును. బోయీలు మోయుచుందురు, వంటవారు వండుచుందురు, వారి నోట ఆ ప్రయాణమెట్లుండెనో మనము వినము. ఏ వర్ణమువానికి ఎచట దిగుటకు చోటు దొరకునో, ఎచట దొరకదో ఆనాటి ఆచారమునుబట్టి ఆయన గ్రహించినది గ్రహించినట్లే సాగిపోయెను. ఆ కాలపు పెద్దమనిషికి అది వింతగా దోపలేదు. మనకు వింతగా దోపవలెను; దోపనిచో ఈ రెండువందల సంవత్సరములలో మనము సాధించినది పల్లకికి బదులు మోటారుకారు మాత్రమే.

గడచిన చైత్రమున మేమును ఆ గ్రంథమును సంచిలో నుంచుకొని, కుటుంబముతో కూడ వారము దినములు ఆ రెండు సీమలను మెల్లగా తిరిగివచ్చితిమి. వచ్చినపిమ్మట ఇతరులవలెనే ఒక వ్యాసము వ్రాసితిమి. అందు మొదటిపుటలోనే "దారిలో నొక మఱ్ఱినీడన పులిహోర భుజించితిమి, ఆ రుచి చెప్పనలవిగాదు" అని యొక వాక్యము పడినది. మా గృహిణి దానిని చదివి, "తిన్నమాట వ్రాసినారు, వండినమాట ఏదండీ?" అనినది. ఆ తెల్లవారుజామున మూడుగంటలకు ఆమె లేచినప్పుడు మేము నిద్రలో నుంటిమి. విహారము మాది, ఆమెకు అది వంటింటి స్థలమార్పు మాత్రమే. ఆ వ్యాసమును చించివేసితిమి. ఈ విమర్శ దానికి బదులుగా వ్రాయుచున్నదని చదువరులు గ్రహింతురుగాక. పరుల వ్రాతలయందు మేము చూపు దోషము మొదట మా వ్రాతయందే కనబడినది.

ఇక నేటి వ్యాసములను చూతము. గండికోటను గూర్చిన ప్రతివ్యాసమునందును ఒకే మాట కానవచ్చును: అది భారతదేశపు గ్రాండ్ కాన్యనట. అమెరికాలోని లోయతో పోల్చినగాని మన గండి గండి కాజాలదా? పెన్నేరు ఎఱ్ఱమలకొండను కోసికొనిపోయిన తావు గనుకనే ఆ కోటకు ఆ పేరు వచ్చినది. ఆ పేరులోనే భూగోళశాస్త్రమున్నది. 1652లో ఫ్రెంచివర్తకుడు తావెర్నియే రత్నములు బేరమాడుటకు మీర్ జుమ్లాయొద్దకు ఆ కోటకే వచ్చినాడు. జుమ్మామసీదును, ధాన్యపుకొట్టును, మాధవరాయస్వామి గోపురమును ఒక్క చూపులో నిముడునంత దగ్గరగా నిలిచియున్నవి. ధాన్యపుకొట్టు అంత పెద్దదిగా నేల కట్టిరి? ముట్టడికి భయపడియు, కరవునకు భయపడియు గదా! ఈ ప్రశ్న యడిగినవానికి ఆ రాతిగోడ మాటలాడును. పోలికతో సరిపెట్టుకొన్నవానికి అది ఛాయాపటమునకు వెనుకతెర మాత్రమగును.

అంతేకాదు. ఆ లోయ యంచున నిలిచి నీటిని చూచి పరవశులగువారిలో, ఆ యేటిమీదనే పైభాగమున గండికోట జలాశయమున్నదని వ్రాయువారు కొందరే. దాని పరిమాణము సుమారు 27 టి.ఎం.సి.లు. దానిని నింపుటకై 2020లో తాళ్ళప్రొద్దుటూరు మున్నగు గ్రామములవారు ఇండ్లువాకిండ్లు విడిచి వెడలిరి. ఎండుసీమకు నీరు కావలెను. దానిని మేము కాదనము. ధాత కరవు, అనగా 1876–78 నాటి కాటకము, మరచినవాడే ఈ సీమలో జలాశయము వలదనగలడు. కాని ఆ నీటి యందమును వర్ణించు కలము, దానికొరకు ఇల్లు విడిచినవారి ఊరిపేరు ఒక్కసారియైన వ్రాయకుండుట న్యాయమా?

భోజనపు సంగతి మరియు ముఖ్యము. నేటి విహారి రాయలసీమకు వచ్చి రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నము, రోటిలో నూరిన ఊరిబిండి కోరి తినును. ఉదయమున బొరుగుల ఉగ్గానియు మిరపకాయబజ్జియు, ఎండవేళ నన్నారి షర్బతు, వసంతము ముదిరినపిమ్మట బనగానపల్లె మామిడిపండు. ఇవి యన్నియు శ్లాఘింపదగినవే. మేమును తృప్తిగా తింటిమి. అయితే మన రచయితలు వీనిని "పూర్వుల ఆరోగ్యరహస్యము" అని పొగడునప్పుడు చరిత్ర తలక్రిందులగుచున్నది. పూర్వులు రహస్యమెరిగి సంగటి తినలేదు. నీరులేని నేలలో పండినది అదియే గనుక తినిరి.

జమ్మలమడుగు దారిలో ఒక పాకయంగడికడ రొట్టెలు తట్టుచున్న ముసలమ్మను, "అవ్వా, చిన్ననాటినుండియు ఇవియే తినుచుంటిరా?" అని యడిగితిమి. ఆమె నవ్వి యిట్లనెను: "మా చిన్నప్పుడు వరిబువ్వ పండగనాడే నాయనా కంటికి కనపడేది. ఇప్పుడేమో మీరొచ్చి సంగటి కావాలంటాండారు, మా పిల్లోళ్ళు బువ్వ కావాలంటాండారు." ఈ రెండు వాక్యములలో నున్న ఆర్థికచరిత్ర మేము చదివిన పది యాత్రావ్యాసములలో లేదు. ఆమె అరచేయి రొట్టెను తట్టి తట్టి కాయలు కాచియున్నది. మేము రుచిని మెచ్చుకొనుచున్నంతసేపును పొయ్యిసెగ ఆమె మొగమున గొట్టుచుండెను.

ఈ తప్పు మన సీమకే పరిమితము గాదు. మొదట చెప్పిన కొరియాయాత్రికుల వ్రాతలను చూడుడు. వసంతమున అచట పొలముగట్లపై మొలచు ఆకుకూరలను, బార్లీయన్నమును విందుగా తినివచ్చినట్లు వర్ణింతురు. ఆ దేశపు భాషలో "బార్లీకనుమ" యను నర్థమిచ్చు మాట యొకటి కలదు. శరత్కాలమున కోసిన వరి వసంతమున కడతేరును. బార్లీపంట ఇంకను చేతికిరాదు. ఆ నడిమి ఆకలిదినములను దాటుట కొండకనుమ నెక్కుటవంటిదని ఆ పేరిడిరి. 1960ల వరకును అచటి పల్లెలు ఏటేట ఆ కనుమ నెక్కినవే. అనగా నేటి యాత్రికుని వసంతపువిందు నిన్నటి సేద్యగాని ఆకలికూడు. కనుమలమధ్య బ్రదికిన కడప కర్నూలు వారికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పరదేశమునకు పోయివచ్చినవాడు ఈ యొక్క మాటను మనకు తెచ్చియిచ్చినచో, చెర్రీపూల వర్ణనలు నూటికంటె అది విలువైన కానుక.

ఈ సీమలో వసంతమున తప్పక చూడవలసినది మరియొకటి కలదు. ఉగాదినాడు దేవునికడపలో వేంకటేశ్వరస్వామి దర్శనమునకు మహమ్మదీయ కుటుంబములు బారులుతీరి వచ్చును. బీబీనాంచారి తమ యింటి యాడుబిడ్డయనియు, స్వామి తమ యల్లుడనియు వారి విశ్వాసము. దీనిని యాత్రారచయితలు వింతల జాబితాలో జేర్చుదురు. వారికది వింత, ఆ కుటుంబములకు అది చుట్టరికము. చుట్టరికమును వింతగా వ్రాయుటచేత అది అరుదైనదను భావము చదువరి మనస్సున నాటుకొనును. వీరాస్వామయ్యగారు బావిని, అంగడిని వ్రాసినంత సహజముగ దీనిని వ్రాసినచో, ఇది ఈ సీమవారి నిత్యజీవనములోని భాగమని తెలియును. అదేదినములలో శ్రీశైలమునకు కన్నడదేశమునుండి వేలాది భక్తులు అడవిదారిని కాలినడకన వత్తురు. వారి పాదముల బొబ్బలను చూచినవారికి పల్లకిని గూర్చిన మా మాట కఠినముగ దోపదు.

మేము చెప్పదలచిన దిది. తీరిక ఒకరిది, శ్రమ మరియొకరిది. మంచి యాత్రారచన రెంటిని ఒకే పుటలో చూపును. చెడ్డరచన మొదటిదానిని మాత్రము చూపును. వీరాస్వామయ్యగారు దారినీ నీటినీ ధాన్యమునూ చూపి సగము పని చేసిరి. మిగిలిన సగము మనకు విడిచిరి. ఆయనకు లేని సౌకర్యములు, చదువు, సమానత్వమును గూర్చిన భావములు మనకున్నవి. ఐనను ఆయన చూచినంతయైన చూడకుండుట మన సిగ్గు.

రాబోవు వసంతమున బయలుదేరు గృహస్థులను మేము కోరునది స్వల్పము. తిన్నదానిని వ్రాయునప్పుడు వండినదెవరో వ్రాయుడు. నీటిని మెచ్చునప్పుడు ఆ నీరెవరి పొలమునకు పోవునో, ఎవరి ముంగిటిని ముంచెనో అడిగి వ్రాయుడు. బయలుదేరుటకు ముందు, ఇంటిలోని స్త్రీలకు ఆ వారము దినములు నిజముగా సెలవగునట్లు వంటపనిని పురుషులును పంచుకొనుడు. మా యింట ఇది మొదలైనది. మొదటినాడు మేము తట్టిన జొన్నరొట్టె మూడుముక్కలై పెనమున కంటుకొన్నది. దానిని ఊడదీయుచున్నప్పుడు ఆ ముసలమ్మ అరచేయి కన్నులకు కట్టినది. ఆనాడు మా యాత్ర మాకు కొంత అర్థమైనది.