చీకటిని సిద్ధం చేసే పనివాళ్ళు

టెలిస్కోపుల గురించి రాసేటప్పుడు చాలామంది అద్దం ఎన్ని అంగుళాలు, బరువెంత, ఎంత దూరం చూడగలదు అన్న దగ్గరే ఆగిపోతారు. ఆ పనితనం గొప్పదే. కానీ ఆకాశంతో పరిచయం లేని వందలమందిని రాత్రిపూట కొండ మీదికి రప్పించి, ప్రతి ఒక్కరి కంటికీ శనిగ్రహాన్నో ఒక నక్షత్ర గుచ్ఛాన్నో అందించి, ఎవరూ చీకట్లో కాలు తట్టుకుని పడకుండా తిరిగి పంపించడం కూడా ఒక విద్యే. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో ఆ విద్య చాలా ఉన్నతస్థాయిలో ఉందని నా నమ్మకం.

ఆ అబ్జర్వేటరీ పశ్చిమ టెక్సాస్‌లో, ఫోర్ట్ డేవిస్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఉంది. పారిస్ అనే టెక్సాస్ ఊళ్ళో బ్యాంకు నడిపిన విలియం జాన్సన్ మెక్‌డొనాల్డ్ పెళ్ళి చేసుకోలేదు. 1926లో చనిపోయేముందు ఆస్తిలో ఎక్కువ భాగం అబ్జర్వేటరీ కట్టడానికని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి రాసిపోయాడు. బంధువులు కోర్టుకెక్కారు. చివరికి రాజీ కుదిరి విశ్వవిద్యాలయం చేతికి సుమారు 8 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటికి అక్కడ ఖగోళశాస్త్ర శాఖే లేదు! అందుకని 1932లో చికాగో విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకున్నారు. 1939లో 82 అంగుళాల టెలిస్కోపు ప్రారంభమైనప్పుడు ప్రపంచంలో దానికంటే పెద్దది ఒక్కటే ఉండేది. శనిగ్రహ ఉపగ్రహమైన టైటాన్ మీద మీథేన్ వాయువు ఉందని ఖగోళశాస్త్రవేత్త కైపర్ 1944లో తేల్చింది దీనితోనే. 1968లో 107 అంగుళాల టెలిస్కోపు వచ్చింది.

ఇదంతా పరిశోధన చరిత్ర. నన్ను కట్టిపడేసేది కొండ కింద, సందర్శకుల కేంద్రం దగ్గర మామూలుగా మంగళ, శుక్ర, శనివారాల్లో జరిగే ‘స్టార్ పార్టీ’ అనే ఆకాశ దర్శన కార్యక్రమం.

అక్కడ మొదట కనిపించే పనితనం చీకటి. ఊరికి దూరంగా ఉంటే చీకటి దానంతటదే ఉంటుందని అనుకుంటాం. నిజానికి దాన్ని కాపలా కాసి కాపాడుకోవాలి. వెలుతురు నుంచి చీకట్లోకి వచ్చిన కంటికి పూర్తి చూపు రావడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. రెటీనాలో మసక వెలుతురుకు స్పందించే కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం నెమ్మదిగా మళ్ళీ పోగవుతుంది. ఎవరో ఒకరు సెల్‌ఫోన్ తెర వెలిగించారంటే అరగంట కష్టం క్షణంలో పోతుంది, వాళ్ళదే కాదు, పక్కవాళ్ళది కూడా. ఎర్ర వెలుతురు ఆ కణాలను అంతగా కదిలించదు కాబట్టి దారి చూపడానికి ఎర్ర లైట్లే వాడతారు. అవీ నేలవైపుకే. కార్యక్రమం మొదలయ్యేముందు ఈ సంగతి ఎందుకో వివరించి చెబుతారు. కారణం తెలిసిన మనిషి ఫోను తనంతట తనే జేబులో పెట్టుకుంటాడు. ‘ఫోన్లు వాడరాదు’ అన్న బోర్డు కంటే ఇది ఎంతో మర్యాదైన పద్ధతి, ఎక్కువ పనిచేసే పద్ధతి కూడా.

తర్వాత ఆకుపచ్చ లేజరుతో నక్షత్ర మండలాల పరిచయం. గాలిలోని ధూళికి తగిలి సన్నని గీతలా కనిపించే ఆ కిరణం ఆకాశాన్ని నిజంగానే తాకుతున్నట్టుంటుంది. మైదానంలో ఈ చివరన కూర్చున్నవాళ్ళకూ ఆ చివరన కూర్చున్నవాళ్ళకూ దాని కొస దాదాపు ఒకే నక్షత్రం దగ్గర ఆగినట్టు కనిపిస్తుంది. రైలు పట్టాలు దూరంగా వెళ్ళి ఒకే బిందువులో కలిసినట్టు తోస్తాయే, అదే సూత్రం. ‘అదిగో, ఆ చెట్టు పైన, కాదు, ఇంకొంచెం ఎడమకు’ అనే గొడవ లేదు. విమానం అటుగా వస్తే కిరణాన్ని ఆపెయ్యాలన్న జాగ్రత్త కూడా ఈ పనిలో భాగమే.

మంచి పరిచయకర్త పేర్లు గుప్పించడు. సప్తర్షి మండలం చివర రెండు నక్షత్రాల మీదుగా గీత గీసి ధ్రువుడి దగ్గర ఆపి, అందరి కళ్ళూ అక్కడికి చేరేదాకా మౌనంగా ఉంటాడు. హైదరాబాదులో ధ్రువనక్షత్రం క్షితిజానికి పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఇళ్ళ వెనక దాక్కుంటుంది. ఇక్కడ దాదాపు ముప్ఫై ఒక్క డిగ్రీలు. అలాగని దక్షిణం పూర్తిగా పోలేదు. చలికాలపు రాత్రి కొండ వాలు అడ్డం లేకపోతే అగస్త్య నక్షత్రం ఆరేడు డిగ్రీల ఎత్తుకు తొంగిచూస్తుంది. పెళ్ళిలో వశిష్ఠుడి పక్కన అరుంధతిని వెతికిన మనవాళ్ళకు ఆ జంటను చూపించడానికి ఇక్కడ లేజరు అక్కర్లేదు.

టెలిస్కోపుల దగ్గర క్యూను నడిపేవాళ్ళ నైపుణ్యం వేరు. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన రంగుల ఫోటోలు చూసి వచ్చినవాళ్ళకు ఐపీసులో, అంటే కన్ను ఆనించి చూసే కటకంలో, రింగ్ నెబ్యులా బూడిదరంగు పొగచుట్టలా కనబడుతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే నిరాశపడతారు. చెబితే, ఆ పొగచుట్ట ప్రాణం పోతున్న నక్షత్రం విసిరేసిన వాయువని తెలుసుకుని చూస్తారు. నేరుగా కాకుండా కొంచెం పక్కకు చూడమనడం ఇంకో కిటుకు. మసక వెలుతురును పట్టే కణాలు కంటి మధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. చూపు పక్కకు తప్పించగానే మాయమైందనుకున్నది కనిపిస్తుంది. ఆ క్షణంలో పిల్లల నోటి నుంచి వచ్చే ‘ఓ’ విన్నాక, ఆ కిటుకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టదనుకుంటాను.

కానీ నేను అన్నిటికంటే ఎక్కువ ఆరాధించేది రెన్-మార్కారియో యాక్సెసిబుల్ టెలిస్కోపు. మామూలు పెద్ద టెలిస్కోపులో గొట్టం పైకి తిరిగేకొద్దీ ఐపీస్ కూడా ఎక్కడికో పోతుంది. నిచ్చెన ఎక్కాలి, వంగాలి, మెడ తిప్పాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులతో బాధపడే పెద్దవాళ్ళకు ఆకాశం అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ వాడింది ఫండ్ అనే భౌతికశాస్త్రవేత్త పేరుతో ఉన్న పద్ధతి. ఆకాశం వైపు తిరిగేది ఒక సమతల దర్పణం మాత్రమే. అది నక్షత్ర కాంతిని పట్టి, కదలకుండా నిలబెట్టిన 18 అంగుళాల పుటాకార దర్పణం మీదికి పంపుతుంది. ఆ దర్పణం కాంతిని కూడగట్టి వెనక్కి పంపితే, సమతల దర్పణం నడిమధ్యనున్న రంధ్రంలోంచి అది అవతలికి వచ్చి ఐపీసును చేరుతుంది. నక్షత్రం తూర్పున ఉన్నా నడినెత్తిన ఉన్నా ఐపీస్ మాత్రం కూర్చున్న మనిషి కంటి ఎత్తులోనే ఉంటుంది.

వినడానికి తేలిక, చెయ్యడానికి ఖరీదు. పెద్ద సైజులో అచ్చంగా చదునుగా ఉండే అద్దాన్ని అరగదియ్యడం చాలా కష్టం. దానిలో ఏ కొంచెం వంపున్నా చుక్క చెదిరిపోతుంది. కాంతిలో కొంత అదనపు అద్దానికి, రంధ్రానికి పోతుంది. ఆ నష్టాలన్నీ ఒప్పుకుని, నిచ్చెన ఎక్కలేని మనిషి కూడా అదే ఆకాశాన్ని చూడాలని తయారుచేశారు. 107 అంగుళాల అద్దానికి ఎంత గౌరవం ఇస్తానో దీనికీ అంతే ఇస్తాను.

చీకటి కాపలా ఆవరణ గోడ దగ్గర ఆగదు. అబ్జర్వేటరీ చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లో బయటి దీపాలకు చట్టం హద్దులు పెట్టింది. ఉత్తరాన పెర్మియన్ బేసిన్ చమురు బావుల దీపాలు రాత్రంతా వెలుగుతుంటాయి. అబ్జర్వేటరీ వాళ్ళు ఆ కంపెనీలతో కూర్చుని, దీపాలకు పైకప్పులు వేసి వెలుతురును కిందికి దించితే పనివాళ్ళకు కూడా మిరుమిట్లు తగ్గి బాగా కనిపిస్తుందని ఒప్పించుకుంటూ వస్తున్నారు. 2022లో అమెరికా, మెక్సికోల్లో కలిపి 15 వేల చదరపు మైళ్ళకు పైగా ప్రాంతం గ్రేటర్ బిగ్ బెండ్ అంతర్జాతీయ చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందింది. అంటే తెలంగాణ విస్తీర్ణంలో మూడో వంతు.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌ల నుంచి బిగ్ బెండ్ జాతీయ పార్కుకు వెళ్ళే మన కుటుంబాలు దారిలో ఒక రాత్రి దీనికి కేటాయించాలి. టెక్సాస్ పడమటి కొసన ఉండి కూడా ఫోర్ట్ డేవిస్ సెంట్రల్ టైమునే పాటిస్తుంది, కాబట్టి వేసవిలో చీకటి పడేసరికి చాలా పొద్దుపోతుంది. పిల్లలను మధ్యాహ్నం పడుకోబెట్టి తీసుకెళ్ళండి. టికెట్లు ముందే తీసుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే, కూర్చుని చూసే టెలిస్కోపు ఆ రాత్రి తెరుస్తారో లేదో అప్పుడే అడిగి పెట్టుకోండి. జూలైలోనైనా వాళ్ళకు ఒక శాలువా ఉండాలి.