వదులుకున్న ముప్ఫై ఒకటో పాయింటు

ఐదుగురు కలిసి స్కాలమాన్స్ లాంటి డంజన్‌లోకి దిగితే అందులో ఒకరు దెబ్బలు కాచుకోవాలి, ఒకరు వైద్యం చూసుకోవాలి, మిగతా ముగ్గురు శత్రువుని కొట్టాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో మొదలైన రోజు నుంచీ ఇదే ఏర్పాటు. ఈ మూడు పనులకూ పనికొచ్చే పాత్ర అనగానే ఆ ఆట తెలిసినవాళ్ళకు ముందు గుర్తొచ్చేది డ్రూయిడ్. ఎలుగుబంటిగా మారితే ట్యాంక్, పిల్లిగా మారితే గోళ్ళతో చీల్చే డీపీఎస్, మామూలు రూపంలో ఉంటే హీలర్. దూరం నుంచి మంత్రాలతో కొట్టడం మరో దారి. ఇన్ని రూపాలున్న పాత్రకు ఆట ఇచ్చే టాలెంట్ పాయింట్లు మాత్రం మిగతా పాత్రలకు ఇచ్చినన్నే. పదో లెవెల్ నుంచి లెవెల్‌కి ఒకటి చొప్పున, అరవైకి చేరేసరికి 51.

ఆ 51నీ ఎలా పంచాలన్నదే ఇక్కడి విషయం. చూడ్డానికి చిన్న లెక్క. కానీ ఇరవయ్యేళ్ళుగా లోకమంతటా ఆటగాళ్ళు దీనిమీద వాదించుకుంటూనే ఉన్నారు, 2019 ఆగస్టులో పాత ఆటని క్లాసిక్ పేరుతో మళ్ళీ విడుదల చేశాక ఆ వాదన కొత్తగా మొదలైంది. ఆ వాదన దండగ కాదని ఈ కాలమ్ నమ్మకం. అన్నీ చెయ్యగలిగే పాత్రని తయారుచెయ్యడం ఒక పనితనం, అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళు మొదట చేసేది సమానంగా పంచెయ్యడం. డ్రూయిడ్‌కి టాలెంట్ చెట్లు మూడు: బ్యాలెన్స్, ఫెరల్ కాంబాట్, రిస్టొరేషన్. 51ని మూడుతో భాగిస్తే తలా 17 వస్తుంది. ఎవరికీ అన్యాయం జరగలేదనిపిస్తుంది. అయితే ఈ చెట్లలో పై వరసకి వెళ్ళాలంటే కింది వరసల్లో అయిదేసి పాయింట్లు పెట్టుకుంటూ ఎక్కాలి. ఐదో వరస తెరుచుకోవాలంటే అదే చెట్టులో 20 పడాలి, చిట్టచివరిది దక్కాలంటే 30 పెట్టి 31వది అక్కడ పెట్టాలి. 17 దగ్గర ఆగినవాడికి మూడు చెట్లలోనూ చిల్లర లాభాలే దొరుకుతాయి, పాత్ర స్వభావాన్నే మార్చే టాలెంట్ ఒక్కటీ అందదు. ఎలుగుగా నిలబడితే వారియర్ అంత గట్టిగా ఉండడు, హీలర్‌గా ప్రీస్ట్ అంత ఆదుకోడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

ఈ చిక్కు వార్‌క్రాఫ్ట్‌తో పుట్టింది కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడే బలం, తెలివి, చురుకుదనం లాంటి ఆరు గుణాలకు అంకెలు వచ్చాయి, ఏ అంకె ఎంతుంటే ఏ పాత్ర బాగుంటుందన్న లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్‌లో తరగతులే లేవు. మొత్తం నైపుణ్యం 700 దాటకూడదన్న హద్దు మాత్రం ఉంది, అంటే వందేసి చొప్పున ఏడు విద్యలు. ఆ హద్దులోంచే పుట్టాడు ట్యాంక్ మేజ్. చేతిలో హాల్బర్డ్, నోట్లో మంత్రం, రెండు దెబ్బలూ ఒకే క్షణంలో పడేట్టు చూసుకోవడం వాడి విద్య. 2002లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 11 ఇంకో దారి పట్టింది. అసలు వృత్తికి తోడు ఒక ఉపవృత్తి పెట్టుకోవచ్చు, కానీ అప్పట్లో దాని లెవెల్ అసలుదానిలో సగానికి మించేది కాదు. 75లో ఉన్న యోధుడికి తోడొచ్చే మంత్రవిద్య 37 దగ్గర ఆగిపోయేది. ప్రతి ఆటా ఏదో ఒక రూపంలో అడిగేది ఒక్కటే: రెండో పని కోసం మొదటి పనిలో ఎంత కోసుకుంటావు?

డ్రూయిడ్ విషయంలో ఈ ప్రశ్నకి చక్కని జవాబు చెప్పింది ఆటగాళ్ళే. దాన్ని 0/30/21 అని రాసుకుంటారు. బ్యాలెన్స్‌లో సున్నా, ఫెరల్‌లో 30, రిస్టొరేషన్‌లో 21. ముప్ఫైతో అందేది హార్ట్ ఆఫ్ ద వైల్డ్, ఇరవై ఒకటితో అందేది నేచర్స్ స్విఫ్ట్‌నెస్. 30, 21 కలిపితే సరిగ్గా 51. ఒక్క పాయింటు మిగలదు, ఒక్కటి తక్కువా పడదు.

హార్ట్ ఆఫ్ ద వైల్డ్‌కి అయిదు పాయింట్లు పడతాయి. అది ఇంటెలెక్ట్‌ని 20 శాతం పెంచుతుంది. ఎలుగు రూపంలో ఉంటే స్టామినాని 20 శాతం, పిల్లి రూపంలో ఉంటే స్ట్రెంగ్త్‌ని 20 శాతం. అంటే ట్యాంక్‌కి కావాల్సిన ప్రాణం, డీపీఎస్‌కి కావాల్సిన బలం, హీలర్ మంత్రాలకు కావాల్సిన మనా, మూడూ ఆ అయిదు పాయింట్లలోనే ఉన్నాయి. బహుముఖమైన పాత్రని కట్టే కిటుకంతా ఈ టాలెంట్‌లో కనిపిస్తుంది. మూడు పనులకు మూడు ఖర్చులు పెట్టడం కాదు, ఒకే ఖర్చు మూడు చోట్ల పనికొచ్చే చోటు వెతకాలి.

స్టాట్స్ ఎంచుకునేటప్పుడూ అదే చూపు కావాలి. అజిలిటీ తీసుకోండి. అరవయ్యో లెవెల్ డ్రూయిడ్‌కి 20 అజిలిటీ ఉంటే క్రిట్, అంటే పెద్ద దెబ్బ పడే అవకాశం, ఒక శాతం పెరుగుతుంది, దెబ్బ తప్పించుకునే అవకాశమూ దాదాపు అంతే పెరుగుతుంది. పిల్లిగా ఉన్నప్పుడు ప్రతి అజిలిటీకి ఒక అటాక్ పవర్ కూడా తోడవుతుంది. స్ట్రెంగ్త్ అయితే ఒక్కోదానికి రెండు అటాక్ పవర్ ఇస్తుంది, కానీ అది కొట్టడానికి తప్ప కాచుకోవడానికి రాదు. కొట్టడమే పనిగా పెట్టుకున్నవాడు స్ట్రెంగ్త్ వైపు మొగ్గితే మొగ్గనివ్వండి. ఇవాళ పిల్లి, రేపు ఎలుగు అవ్వాల్సినవాడు మాత్రం ఒకే ఉంగరం రెండు రూపాలకూ పనికొచ్చేలా అజిలిటీ, స్టామినా కలిసి ఉన్నవే ఏరుకుంటాడు. ఆయుధం సంగతి మరీ విచిత్రం. జంతు రూపంలో చేతిలోని కర్ర ఎంత గట్టిగా కొడుతుందన్నది లెక్కలోకే రాదు, దానిమీద రాసున్న స్టాట్సే లెక్క.

అందుకే క్లాసిక్‌లో అరవయ్యో లెవెల్ పిల్లులు నోమ్‌రెగాన్‌కి పదేపదే వెళ్ళడం మామూలైపోయింది. అది ముప్ఫై లెవెల్ చుట్టుపక్కల వాళ్ళ కోసం కట్టిన డంజన్. అక్కడ మాన్యువల్ క్రౌడ్ పమ్లర్ అనే గద దొరుకుతుంది. దాన్ని వాడితే అరనిమిషం పాటు దాడి వేగం సగం పెరుగుతుంది, అలా మూడుసార్లే వాడొచ్చు. మూడూ అయిపోతే ఇంకోదాని కోసం మళ్ళీ వెళ్ళాలి. పెద్ద బాసులున్న రెయిడ్ రాత్రి కోసం ఇలాంటివి సంచినిండా పోగేసుకున్నవాళ్ళున్నారు. అంత కింది లెవెల్ వస్తువు ఆట చివరిదాకా అక్కరకొస్తుందని మొదట కనిపెట్టినవాళ్ళ ఓపిక మెచ్చుకోదగ్గది.

ఇంటెలెక్ట్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గోళ్ళతో చీల్చే పిల్లికి తెలివి ఎందుకని అనిపిస్తుంది. పిల్లి దెబ్బలు ఎనర్జీతో నడుస్తాయి, రెండేసి సెకన్లకు ఇరవై చొప్పున అది తిరిగొస్తుంది. ఎనర్జీ అయిపోయిందని ఊరుకోకుండా పిల్లి రూపం వదిలి వెంటనే మళ్ళీ పిల్లి అయితే, ఫ్యూరర్ టాలెంట్ పూర్తిగా ఉన్నవాడికి 40 ఎనర్జీ వచ్చిపడుతుంది. తలమీద తోలుపనివాళ్ళు చేసే వుల్ఫ్స్‌హెడ్ హెల్మ్ ఉంటే ఇంకో 20. మొత్తం 60, సరిగ్గా ఒక ష్రెడ్ దెబ్బ ఖరీదు. రూపం మారడానికి మాత్రం మనా కావాలి, మనా వచ్చేది ఇంటెలెక్ట్ నుంచి. అలా హీలర్ స్టాట్ కాస్తా పిల్లి గోళ్ళకు ఇంధనమవుతుంది. దీన్నే పవర్‌షిఫ్టింగ్ అంటారు. చెయ్యి తిరిగినవాడు ఆడుతుంటే తెరమీద పిల్లి, మనిషి, పిల్లి అంటూ బొమ్మ మెరుస్తూ ఉంటుంది, దెబ్బల వరస మాత్రం తెగదు.

నేచర్స్ స్విఫ్ట్‌నెస్ విలువ ఒక సందర్భంలో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. స్కాలమాన్స్‌లో పోరు జరుగుతోంది. ప్రీస్ట్‌కి ఎవరో నోరు కట్టేశారు, మంత్రం పలకడం లేదు. ముందు నిలబడ్డ వారియర్ ప్రాణం పదోవంతుకి పడిపోయింది. శత్రువు వెనకాల పిల్లిగా ఉన్న డ్రూయిడ్ రూపం వదిలాడు, నేచర్స్ స్విఫ్ట్‌నెస్ నొక్కాడు, హీలింగ్ టచ్ వేశాడు. మామూలుగా మూడున్నర సెకన్లు పట్టే మంత్రం ఆ క్షణంలోనే పడి, వారియర్‌కి రెండు వేలకు పైగా ప్రాణం చేరింది. తర్వాతి క్షణంలో డ్రూయిడ్ మళ్ళీ పిల్లి, ఫ్యూరర్ పుణ్యమా అని చేతిలో 40 ఎనర్జీ. అంతా కలిపి రెండు మూడు సెకన్లు. ఆ బటన్ మళ్ళీ పనిచెయ్యడానికి మూడు నిమిషాలు ఆగాలి. అయినా ఆ ఒక్కసారే ఐదుగురూ శ్మశానం నుంచి నడిచొచ్చే బాధ తప్పించింది.

ఇంత మంచిదానికి కట్టే మూల్యమూ చిన్నది కాదు. ఫెరల్‌లో 31వ పాయింటుతో వచ్చేది లీడర్ ఆఫ్ ద ప్యాక్. డ్రూయిడ్ జంతు రూపంలో ఉన్నంతసేపు, తన చిన్న జట్టులో కత్తులతో, బాణాలతో కొట్టేవాళ్ళందరికీ అది 3 శాతం క్రిట్ ఇస్తుంది. 0/30/21 వాడు సరిగ్గా ఆ గుమ్మం దగ్గర వెనక్కి తిరుగుతాడు. బ్యాలెన్స్‌లో సున్నా కాబట్టి రూపం మార్పు ఖర్చుని 30 శాతం తగ్గించే నేచురల్ షేప్‌షిఫ్టర్ కూడా లేదు, ఉచితంగా దెబ్బ కొట్టనిచ్చే ఓమెన్ ఆఫ్ క్లారిటీ కూడా లేదు. నలభై మంది కలిసి మోల్టెన్ కోర్‌కి వెళ్ళే రాత్రి పిల్లిగానే నిలబడాలంటే 14/32/5 లాంటి పంపకమే సరైనది. అక్కడ ప్రతివాడికీ ఒక పని ఉంటుంది, ఆ పని పూర్తిగా చేస్తే చాలు. ఐదుగురే ఉన్నచోట, ఎవరు ఎప్పుడు పడిపోతారో తెలియని చోట, 0/30/21కి సాటి లేదు. బహుముఖ పాత్ర అన్నిచోట్లా గొప్పగా ఉంటుందని ఆశపడేవాళ్ళు ఈ తేడా గుర్తించాలి. మనుషులు తక్కువైన కొద్దీ దాని విలువ పెరుగుతుంది.

తొలిరోజుల్లో చాలా గిల్డులు డ్రూయిడ్ అనగానే హీలింగ్‌కి పంపేసేవి. మోల్టెన్ కోర్, బ్లాక్‌వింగ్ లెయిర్‌లలో దొరికే సెనారియన్, స్టార్మ్‌రేజ్ సెట్ల మొగ్గు కూడా హీలింగ్ వైపే. జంతు రూపాలను నమ్ముకున్నవాళ్ళు ముక్కా ముక్కా ఏరుకుని మూడు రకాల గేర్ సంచిలో మోసేవాళ్ళు. టాలెంట్లు మార్చాలంటే క్లాస్ ట్రైనర్‌కి మొదటిసారి 1 గోల్డ్, తర్వాత 5, అలా అయిదేసి పెరుగుతూ 50 దాకా. అప్పట్లో 50 గోల్డ్ చిన్న మొత్తం కాదు. అంత ఖర్చు ఉండబట్టే ఆటగాడు పాయింటు పెట్టేముందు ఆలోచించేవాడు. 2009లో డ్యూయల్ స్పెక్ వచ్చి, వెయ్యి గోల్డ్‌కి రెండు పంపకాలు దగ్గర పెట్టుకునే వీలిచ్చింది. 2010లో వచ్చిన కాటక్లిజమ్ విస్తరణ ఒక చెట్టులో 31 పెట్టేదాకా రెండో చెట్టు ముట్టుకోనివ్వలేదు, 30/21 లాంటి మధ్యదారి దాంతో మూసుకుపోయింది. 2012లో చెట్లే తీసేశారు, ఫెరల్ కూడా రెండుగా చీలి ఎలుగుకి గార్డియన్ పేరుతో వేరుకుంపటి వచ్చింది. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ విస్తరణ చెట్లని కొత్త రూపంలో తిరిగి తెచ్చింది. మార్చుకోవడం తేలికైనందుకు సంతోషమే. కానీ ఒకే పంపకంలో రెండు పనులు ఇమిడ్చే పాత పనితనానికి ఆ సౌకర్యంలో చోటు తగ్గింది, అది నిజమైన నష్టం.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని అమెరికా సర్వర్‌లో ఆడేవాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంది. అక్కడి తూర్పు తీరంలో వేసవి రాత్రి ఎనిమిదికి మొదలయ్యే రెయిడ్ ఇక్కడ తెల్లవారుజామున అయిదున్నర. పైగా నొక్కిన బటన్ సముద్రాలు దాటి వెళ్ళి రావడానికి సెకనులో అయిదోవంతు పైనే పడుతుంది. పవర్‌షిఫ్టింగ్‌కి ఎనర్జీ వచ్చే క్షణాన్ని పట్టుకోవాలి, ఆ ఆలస్యంతో అది ప్రతిసారీ కొంచెం జారుతుంది. అలాంటివాళ్ళు తమ పాత్ర బతుకంతా ఆ ఒక్క కిటుకు మీద పెట్టకపోవడం మంచిది. మూడు నిమిషాలకోసారి సరిగ్గా వాడితే చాలే నేచర్స్ స్విఫ్ట్‌నెస్, నిదానంగా బరువు మోసే ఎలుగు, ఈ దూరాన్ని బాగా తట్టుకుంటాయి.

క్లాసిక్‌లో ఇవాళ కొత్తగా డ్రూయిడ్ మొదలుపెట్టేవాళ్ళకి ఈ పంపకంలో ఒక సుఖముంది. పది నుంచి 39వ లెవెల్ దాకా వచ్చే 30 పాయింట్లూ ఫెరల్‌లో పడితే ఒంటరిగా తిరిగి లెవెల్ పెంచుకోవడం తేలికవుతుంది, 39కల్లా హార్ట్ ఆఫ్ ద వైల్డ్ నిండుతుంది. నలభైలో డైర్ బేర్ రూపం వస్తుంది, వుల్ఫ్స్‌హెడ్ హెల్మ్ పెట్టుకునే అర్హతా అప్పుడే. కాబట్టి 40 నుంచి 44 దాకా వచ్చే అయిదూ ఫ్యూరర్‌కి పెట్టాలి. అక్కణ్ణుంచి రిస్టొరేషన్‌లోనే ఎక్కుతూ పోతే అరవైలో వచ్చే చివరి పాయింటు నేచర్స్ స్విఫ్ట్‌నెస్‌కి అందుతుంది. మధ్యలో ట్రైనర్‌కి ఒక్క గోల్డ్ కూడా కట్టక్కర్లేదు, ఆ డబ్బు నలభైలో కొనుక్కునే సవారీ పులికో కోడోకో దాచుకోవచ్చు.